బటన్ నొక్కితే సైన్సు అబ్బుతుందా? అనంతపురంలో సైన్స్ సెంటర్ పెట్టాలనుకుంటున్న టీచర్లకు

మేడమ్, మీ ప్రశ్న చదివాను. అనంతపురంలో ఖాళీగా పడి ఉన్న పాత స్కూలు భవనంలో చిన్న సైన్స్ సెంటర్ పెట్టాలని మీరూ మీ తోటి టీచర్లూ అనుకుంటున్నారు. దాతలు దొరికారు, ఎగ్జిబిట్లు అమ్మే కంపెనీ ఒకటి కొటేషన్ కూడా ఇచ్చింది. మీ అనుమానమల్లా, ముట్టుకుని ఆడే ఇలాంటి కేంద్రాల వల్ల జనానికి నిజంగా సైన్సు అబ్బుతుందా, లేక పిల్లలు నాలుగు బటన్లు నొక్కి, సెల్ఫీలు దిగి వెళ్లిపోతారా అని. నా ఉద్యోగమంతా ఇలాంటి కేంద్రాల్లోనే గడిచింది. కొన్నాళ్లు ఎగ్జిబిట్లు తయారుచేసే వర్క్‌షాప్‌లో, తర్వాత వాటి పక్కన నిలబడి జనంతో మాట్లాడే పనిలో ఉన్నాను. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

అబ్బుతుంది. కాకపోతే బళ్లో వచ్చేది వేరు, ఇక్కడ వచ్చేది వేరు. ఓమ్ నియమాన్నో న్యూటన్ సూత్రాలనో గంటన్నరలో నేర్పి పంపుదామనుకుంటే అది అయ్యే పని కాదు. సైన్స్ సెంటర్ చేయగలిగిన పని ఇంకొకటుంది. మనిషి ముందుగా ఒక అంచనా వేసుకోవాలి. చేసి చూడాలి. అంచనా తప్పాలి. ఎందుకు తప్పిందా అని ఉండబట్టలేక మళ్లీ చేయాలి. ఇదంతా తన చేతులతో, మార్కుల భయం లేకుండా, నలుగురిలో పరువు పోతుందన్న బెంగ లేకుండా జరగాలి. ఇది జరిగిన ఎగ్జిబిట్ పనిచేసినట్టు. జరగకపోతే అందులో ఎన్ని లైట్లు వెలిగినా లెక్కలోకి రాదు.

ఒకటి దగ్గర్నుంచి చూపిస్తాను. ఆరడుగుల చెక్క పలక, ఒక చివర కింద రెండు ఇటుకలు. పైనుంచి దొర్లించడానికి ఒక చెక్క బిళ్ల, దాని సైజులోనే ఒక ఇనుప రింగు. రెండూ ఒకేసారి వదిలితే ఏది ముందు కిందికి చేరుతుంది? పలక మీద రాసి ఉండేది ఈ ఒక్క ప్రశ్నే. దాదాపు పిల్లలందరూ బరువైనదే ముందంటారు, ఇనుప రింగు మీద పందెం కాస్తారు. వదిలితే చెక్క బిళ్ల గెలుస్తుంది. "నువ్వు నీది ముందు వదిలినావు" అని పేచీ మొదలవుతుంది. ఈసారి రెండింటికీ అడ్డంగా ఒక స్కేలు పెట్టి, ఒక్క లాగుడుతో తీస్తారు. ఆ స్కేలు పెట్టమని ఎవరూ చెప్పలేదు. పోటీ సమానంగా ఉండాలన్న సంగతి, అంటే ప్రయోగానికి ప్రాణమైన సంగతి, ఆ పేచీలోనే పుట్టింది. అయినా బిళ్లే గెలుస్తుంది. పెద్ద బిళ్ల తెస్తారు, చిన్న బిళ్ల తెస్తారు, అవీ రింగును ఓడిస్తాయి. "బరువూ కాదంట, సైజూ కాదంట, మరేంది?" అన్న మాట వాళ్ల నోటి నుంచి వచ్చే దాకా పక్కనున్నవాళ్లు నోరు విప్పకూడదు.

ఆ మాట వచ్చాక చెప్పాల్సింది కొంచెమే. రింగు బరువంతా అంచులో ఉంది. దాన్ని తిప్పడానికే శక్తి ఎక్కువ పోతుంది, ముందుకు పరుగెత్తడానికి తక్కువ మిగులుతుంది. బిళ్లలో బరువు నడుమ కూడా ఉంది కాబట్టి సులువుగా తిరుగుతుంది. గాజు గోలీ అయితే బిళ్లను కూడా ఓడిస్తుంది. ఆ తర్వాత ఒకేలాంటి రెండు రేకు డబ్బాలు తెచ్చి, ఒకదాంట్లో నిండా నీళ్లు, ఇంకోదాంట్లో గట్టిగా కూరిన తడిమట్టి పెట్టి దొర్లించమనండి. నీళ్ల డబ్బా గెలుస్తుంది, ఎందుకంటే డబ్బా తిరిగినంతగా లోపలి నీళ్లు తిరగవు. ఈ డబ్బాల దగ్గర పిల్లల కంటే పెద్దవాళ్లు ఎక్కువసేపు నిలబడతారు. దీనికయ్యే ఖర్చు మీ కొటేషన్‌లోని ఒక్క టచ్‌స్క్రీన్ స్టాండు ఖర్చులో ఏ మూలకూ రాదు.

బటన్ సంగతికి వస్తే, దానికీ ఒక చరిత్ర ఉంది. మ్యూనిక్‌లో ఆస్కర్ ఫాన్ మిల్లర్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు 1903లో డాయిచ్ మ్యూజియం స్థాపించాడు. దాని సొంత భవనం 1925లో తెరిచారు. అద్దాల పెట్టెల్లో వస్తువులు పెట్టి చూపించే రోజుల్లో బటన్ నొక్కితే, పిడి తిప్పితే కదిలే నమూనాలు పెట్టడం ఆ కాలానికి చాలా పెద్ద అడుగు. 1937లో పారిస్‌లో మొదలైన పాలే ద లా దెకూవెర్త్ అనే సైన్స్ మ్యూజియం ఇంకోదారి పట్టింది. అక్కడ మనుషులే జనం ఎదుట నిలబడి ప్రయోగాలు చేసి చూపించేవారు. తర్వాత 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియం వచ్చింది. మన పనికి అసలు నమూనా అదే. దాన్ని పెట్టిన ఫ్రాంక్ ఓపెన్‌హైమర్, లాస్ అలమోస్‌లో అణుబాంబు ప్రయోగశాలను నడిపిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కు తమ్ముడు, తానూ భౌతిక శాస్త్రవేత్తే. రాజకీయ కారణాలతో 1949లో యూనివర్సిటీ ఉద్యోగం పోతే కొలరాడోలో పశువులు మేపుకున్నాడు, ఆ పక్క ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పాడు. పల్లెటూరి పిల్లలకు చేతికందిన సామాన్లతో పాఠం చెప్పిన ఆ అనుభవమే తర్వాత మ్యూజియం అయింది. అక్కడ వర్క్‌షాప్‌ను దాచిపెట్టలేదు, వచ్చినవాళ్లందరికీ కనబడేలా పెట్టారు. ఎగ్జిబిట్లు ఎలా కట్టాలో వివరాలు అచ్చువేసి ప్రపంచమంతా వాడుకోమన్నారు. మ్యూజియంలో ఫెయిలయ్యేవాడు ఎవడూ ఉండడని ఆయన తరచూ అనేవాడట. మీరు మీ స్టాఫ్ రూములో రాసి పెట్టుకోదగ్గ మాట.

మన దేశంలో 1959లో కలకత్తాలో బిర్లా మ్యూజియం, ఆ తర్వాత బెంగళూరులో విశ్వేశ్వరయ్య మ్యూజియం వచ్చాయి. మన జిల్లా స్కూళ్లు ఎక్స్‌కర్షన్‌కు వెళ్లేది దాదాపు ఎప్పుడూ ఈ రెండో దానికే. 1965లోనే కలకత్తా వాళ్లు బస్సులో ఎగ్జిబిట్లు పెట్టుకుని పల్లెలకు బయల్దేరారు. 1978లో జాతీయ విజ్ఞాన సంగ్రహాలయ మండలి ఏర్పడ్డాక రాష్ట్రాల్లో కేంద్రాలు పెరిగాయి. తిరుపతి అలిపిరి దగ్గరున్న సైన్స్ సెంటర్ 1993 నాటిది. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లయితే వ్యాన్ల మీదా మోటార్‌సైకిళ్ల మీదా ప్రయోగాల పెట్టెలు స్కూళ్లకు తీసుకెళ్తారు. మీరు ఒకరోజు కుప్పం వెళ్లి, వాళ్ల ఇన్‌స్ట్రక్టర్లు పిల్లలతో ఎలా మాట్లాడతారో చూసి రండి. ఏ కంపెనీ కేటలాగు చూసినా రానంత తెలివిడి వస్తుంది.

బటన్ నొక్కే ఎగ్జిబిట్‌తో వచ్చిన చిక్కేమిటంటే, ఎవరు నొక్కినా ఒకటే జరుగుతుంది. నొక్కినవాడు అందులో మార్చగలిగేది ఏమీ లేదు. లైటు వెలిగింది, చక్రం తిరిగింది, పిల్లవాడు పక్కదానికి పరుగెత్తాడు. ఎక్స్‌ప్లొరేటోరియం వాళ్లు ఏళ్ల తరబడి సందర్శకుల పక్కన నిలబడి గమనించి తేల్చిన విషయం ఒకటుంది. ఒక్క ఆశ్చర్యం చూపించి, దాని వివరణ బోర్డు మీద పెట్టే ఎగ్జిబిట్ దగ్గర జనం చదివి కదిలిపోతారు. తమ ఇష్టప్రకారం మార్చి చూసుకునే వీలున్న ఎగ్జిబిట్ దగ్గర తమ ప్రశ్నలు తామే వేసుకుంటూ ఎక్కువసేపు ఉంటారు. అలాగని ఒకే బల్ల మీద పది పిడులు, పది స్విచ్చులు పెడితే ఇంకా మంచిదనుకోకండి. ఏది తిప్పితే ఏం జరిగిందో తెలియక వదిలేస్తారని కూడా వాళ్లే చూశారు.

ఇంకొకటి. మనవాళ్లు ఒంటరిగా రారు. తల్లి, తండ్రి, అవ్వ, చంకలో బిడ్డ, మధ్యలో ఇద్దరు పిల్లలు, ఇలా గుంపుగా వస్తారు. బల్ల చుట్టూ నలుగురు నిలబడేంత జాగా ఉండాలి, పిల్లవాడికి అందే ఎత్తులో ఉండాలి, అవ్వ కూర్చోవడానికి అరుగో బెంచీయో ఉండాలి. చాలా కేంద్రాల్లో సైకిలు తొక్కి కరెంటు పుట్టించే ఎగ్జిబిట్ ఉంటుంది. చీర కట్టుకున్న తల్లి దాని దగ్గర పక్కకు జరిగి పిల్లల బ్యాగులు పట్టుకుని నిలబడడం నేను చూస్తూనే వచ్చాను. ఆమెను మనమే బయట పెట్టేశాం. అదే జనరేటర్‌కు చేత్తో తిప్పే పిడి పెట్టండి, పక్కన ఒక స్విచ్చు పెట్టండి. ఒకవైపు వేస్తే 25 వాట్ల పాత ఫిలమెంటు బల్బు, ఇంకోవైపు వేస్తే 3 వాట్ల ఎల్‌ఈడీ. వెలుగు ఇంచుమించు ఒకటే. కానీ స్విచ్చు పాత బల్బు వైపు తిప్పగానే పిడి బరువెక్కిపోతుంది, భుజం లాగుతుంది. ఎల్‌ఈడీ వైపు వేస్తే పిడి తేలిపోతుంది. వాటు అంటే ఏమిటో చేతికి తెలిసిపోతుంది. ఇంటి కరెంటు బిల్లు కట్టే మనిషికి ఇది అరగంట ఉపన్యాసం కంటే ఎక్కువ.

ఇక మన ఊరి సంగతి. మీరు పెట్టబోయేది అనంతపురంలో కాబట్టి అనంతపురం వాళ్ల మనసులో ముందే ఉన్న ప్రశ్న తీసుకోండి. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి, ఏడాది సగటు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బోర్లు ఎండిపోవడం, పక్క చేను వాళ్లు లోతుగా వేస్తే మన బోరులో నీళ్లు తగ్గడం, అప్పులు చేసి ఒకదాని తర్వాత ఒకటి వేయించడం, ఇవి తెలియని ఇల్లు ఇక్కడ లేదు. భూగర్భజలాల నమూనా అని మార్కెట్లో గాజు తొట్టి ఒకటి దొరుకుతుంది. లోపల ఇసుక పొరలు, రెండు మూడు గొట్టాలు ఉంటాయి. అది గోదావరి డెల్టాకో గంగా మైదానానికో సరిపోతుంది. మనది గ్రానైట్ నేల. పైన ఎర్రమట్టి, కింద పుచ్చిన రాయి, గరుసు, దాని కింద గట్టి బండ. నీళ్లుండేది ఆ పుచ్చిన పొరలోనూ బండ పగుళ్లలోనూ. కిందికి పోయేకొద్దీ మామూలుగా పగుళ్లు తగ్గిపోతాయి. ఇసుక తొట్టి చూపిస్తే "ఇంకా లోతుకు పోతే ఖాయంగా నీళ్లున్నాయి" అన్న తప్పుడు నమ్మకాన్ని మనమే గట్టిపరిచినట్టవుతుంది.

అందుకని తొట్టి ఇక్కడే చేయించండి. రెండడుగుల పొడవు, ఒకవైపు అద్దం. గ్రానైట్ ముక్కలను అక్కడక్కడా సన్నటి సందులు వదిలి పేర్చి, మిగతా చోట్ల సిమెంటుతో మూసేయాలి. పైన గరుసు, ఆపైన ఎర్రమట్టి. మూడు పారదర్శక గొట్టాలు దించాలి. ఒకటి పగులు తగిలేలా, ఒకటి అదే పగులుకు కొంచెం దూరంలో తగిలేలా, మూడోది వాటికంటే లోతుగా దిగినా గట్టి బండలోకే పోయేలా. పూలమొక్కలకు నీళ్లు పోసే క్యానుతో పైనుంచి వాన కురిపించాలి. నీళ్లలో కొంచెం నీలం రంగు కలిపితే పగుళ్లలోకి దిగడం బాగా కనబడుతుంది. మొదటి గొట్టం నుంచి సిరంజితో లాగితే రెండో గొట్టంలో మట్టం పడిపోతుంది. మూడోది అన్నిటికన్నా లోతైనదీ, అన్నిటికన్నా ఎండిపోయినదీ. "వాన" గబగబా పోస్తే నీళ్లు పైనుంచే జారిపోయి తొట్టి అవతల పడతాయి. మట్టితో ఒక చిన్న కట్ట వేసి మళ్లీ పోస్తే నిలబడి ఇంకుతాయి. ఇది రైతు ముందు పెట్టి మీరు వెనక్కి జరగండి. "మా చేన్లో నాలుగోది ఇట్లే పోయింది" అని ఆయనే మొదలుపెడతాడు. పక్కనున్న కొడుకు సిరంజి లాగుతుంటాడు. ఆ ఇద్దరి మాటల్లో జరిగే పనిని ఏ బోర్డూ చేయలేదు. పెద్దవాళ్లు సైన్స్ సెంటర్‌ను పిల్లల ఆటస్థలం అనుకుని బయట చెట్టు కింద కూర్చోవడం మామూలు. వాళ్ల బతుకులోని ప్రశ్న లోపల ఉంటే లోపలికి వస్తారు.

దీని పక్కనే వచ్చే ఇంకో ప్రశ్న, టెంకాయ పట్టి బోరు పాయింట్ చూడడం. దాన్ని దాటవేయొద్దు, వెక్కిరించనూ వద్దు. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని నడిచే మనిషి మోసగాడు కానక్కర్లేదు. తనకు తెలియకుండానే చేతి కండరాలు చేసే చిన్న కదలికలకు, ఇట్టే పడిపోయే స్థితిలో ఉన్న టెంకాయ ఒరిగిపోతుంది. మూతలున్న ఒకేలాంటి బకెట్లు వరసగా పెట్టండి. కొన్నింట్లో నీళ్లు, కొన్నింట్లో అంతే బరువు ఇసుక. ఏది ఏమిటో బకెట్లు సర్దినవాళ్లకు తప్ప తెలియకూడదు, సర్దినవాళ్లు అక్కడ ఉండకూడదు. ఇష్టమున్న ఎవరైనా టెంకాయతో నడిచి చూడవచ్చు. ఊరికే అనుకుని చెప్పినా సగం కుదురుతాయి కాబట్టి ఎన్ని కుదిరితే "నిజంగా తెలిసింది" అనుకోవాలో మొదలుపెట్టకముందే అందరూ కలిసి బోర్డు మీద రాసుకోవాలి. అసలు పాఠం ఆ రాసుకోవడంలోనే ఉంది. ఫలితాన్ని మీరు ప్రకటించకండి, మూతలు వాళ్లనే తీయనివ్వండి. బకెట్లలో నీళ్లూ భూమిలో నీళ్లూ ఒకటి కాదని ఎవరైనా అంటారు. మంచి మాట. "మరి భూమిలోని వాటికి ఎట్లా పరీక్ష పెట్టాలి?" అని ఆయన్నే అడగండి.

ఇవన్నీ నడిచేది మనుషులతో. గైడు అంటే బట్టీపట్టిన వివరణ ఒప్పజెప్పేవాడు కాకూడదు. కృష్ణదేవరాయ యూనివర్సిటీ, జేఎన్‌టీయూ, డిగ్రీ కాలేజీల పిల్లలను తీసుకోండి, గౌరవంగా కొంత భత్యం ఇవ్వండి. వాళ్లకు ఇచ్చే శిక్షణలో సగం మౌనంగా ఉండడం మీదే ఉండాలి. "నీకేమనిపిస్తాంది?" అని అడగడం, జవాబు వచ్చేదాకా ఆగడం, తప్పు జవాబు వస్తే "చేసి చూద్దాం పా" అనడం. చదువుకున్న పిల్లలకు ఈ ఆగడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు. బోర్డులు తెలుగులో, మన జిల్లా మాటల్లో, పెద్ద అక్షరాల్లో, రెండు మూడు వాక్యాలకు మించకుండా రాయించండి. ముందువైపు ప్రశ్న, వివరణ వెనకవైపు.

డబ్బు సంగతి నిర్మొహమాటంగా చెబుతాను. మొత్తం సొమ్ము ఎగ్జిబిట్ల కొనుగోలుకే పెట్టేస్తే ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరుగుతుంది, ఏడాది తిరిగేసరికి సగం వాటి మీద "పనిచేయడం లేదు" కాగితాలు వేలాడతాయి. ఆగిపోయిన ఎగ్జిబిట్ ఊరికే ఉండదు. సైన్సంటే మనకు అందని వ్యవహారం అని వచ్చినవాళ్లకు చెబుతూ ఉంటుంది. నా లెక్కలో సొమ్ము మూడు భాగాలు చేయాలి. ఎగ్జిబిట్లకు ఒకటి, వర్క్‌షాప్‌కూ విడిభాగాలకూ ఒకటి, మనుషుల జీతాలకు ఒకటి. మన ఎర్రదుమ్ముకు యాక్రిలిక్ గీతలు పడిపోతుంది, ఎండాకాలం వేడికి చౌకరకం ఎలక్ట్రానిక్స్ తట్టుకోవు. కళ్లకు పెట్టుకుంటే కంప్యూటర్ బొమ్మల లోకం చుట్టూ కనిపించే వీఆర్ కళ్లద్దాలు వద్దు. ఒకరు పెట్టుకుంటే మిగతా కుటుంబం గోడకేసి చూస్తూ నిలబడాలి. ఇనుము, చెక్క, గాజు, అయస్కాంతం, అద్దం, నీళ్లు, వీటితో అయ్యేవి ముందు పెట్టండి. మన ఊళ్లో బోరు మోటార్లు రివైండింగ్ చేసే షాపులున్నాయి, లేత్ షాపులున్నాయి. ఆ మిస్త్రీలకు మోటారు గురించి తెలిసినంత, మీకు ఎగ్జిబిట్లు అమ్మేవాళ్లకు తెలియదు. వాళ్లలో ఒకరిని వారానికి రెండు రోజులు రమ్మని మాట్లాడుకోండి. మోటారు విప్పి చుట్టడం జనం చూస్తుండగా చేయించండి. అదీ ఒక ఎగ్జిబిటే.

జనం ఏమైనా నేర్చుకున్నారా లేదా అని ఎలా తెలుస్తుందని అడిగారు కదా. బయటికి పోయేటప్పుడు క్విజ్ పెట్టకండి, మళ్లీ పరీక్ష వాసన వస్తుంది. ఒక మూల కూర్చుని గమనించండి. ఎగ్జిబిట్ దగ్గర ఎంతసేపున్నారు, ఒకసారి చేసి వదిలేశారా, ఏదో ఒకటి మార్చి మళ్లీ చేశారా, ఒకరికొకరు ఏమని చెప్పుకుంటున్నారు, పోయినవాళ్లు తిరిగి వచ్చి ఇంకొకరిని లాక్కొచ్చారా. సందర్శకులు ఏం తీసుకెళ్తారన్నది వాళ్లు ముందే ఏం తెలుసుకుని వచ్చారు, ఎవరితో వచ్చారు, ఆ చోటు ఎలా ఉంది అన్న మూడింటి మీదా ఆధారపడుతుందని మ్యూజియం అధ్యయనాల్లో పేరున్న జాన్ ఫాక్, లిన్ డియర్కింగ్ చెప్పారు. నా అనుభవమూ అదే. అందుకే స్కూలు పిల్లలను బస్సులో తెచ్చి గంటలో తిప్పి పంపడం కంటే, అదే పిల్లలు ఆదివారం అమ్మానాన్నలతో మళ్లీ రావడానికి టికెట్ లేకుండా ఒక చీటీ ఇచ్చి పంపండి.

భవనం సిద్ధమయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఏప్రిల్ నెలాఖరులో ఒకరోజు, ఆగస్టు రెండో వారంలో మళ్లీ ఒకరోజు అనంతపురంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా పాతిన స్తంభానికి నీడ ఉండదు. ఆ రోజే ఆవరణలో మొదటి కార్యక్రమం పెట్టండి. చెట్టు నీడ పడని చదునైన చోటు చూసుకుని, నీళ్ల పైపు ముక్కలు బాగా నిటారుగా పాతండి, నిటారుతనం మేస్త్రీల తూకపు గుండుతో సరిచూడండి. ఇంటి నుంచి గ్లాసులు, చెంబులు తెచ్చుకోమని పిల్లలకు చెప్పండి. మధ్యాహ్నం 12 గంటలకే నీడ మాయమవుతుందని అందరూ అనుకుంటారు. ఏప్రిల్‌లో అయితే అది దాదాపు 12 గంటల 17 నిమిషాలకు జరుగుతుంది, ఆగస్టులో 12 గంటల 24 నిమిషాల ప్రాంతంలో. మన గడియారం నడిచేది తూర్పున కాకినాడ వైపు పోయే 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం, మనమున్నది దానికి పడమరగా 77.6 దగ్గర, అందుకే సూర్యుడు మన నడినెత్తికి ఆలస్యంగా వస్తాడు. ఆ పదిహేడు నిమిషాలూ ఎండలో ఎదురుచూస్తూ "ఇంకా పోలేదేంది సార్?" అని వాళ్లు అడిగేదాకా కారణం చెప్పకండి. ముందురోజు, తర్వాతిరోజు కూడా అదే వేళకు నీడ కొలిచి రాసుకోమనండి. మబ్బు పట్టే అవకాశం ఆగస్టులో ఎక్కువ కాబట్టి ఏప్రిల్ తేదీనే నమ్ముకోండి, మజ్జిగ, గొడుగులు సిద్ధంగా పెట్టుకోండి.